బీమా సర్వేయర్ లైసెన్సు పరీక్షకు ఎలా చదవాలి

సర్వేయర్ పరీక్షకు చదవాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది ఏ గైడు కొనాలని. గైడు సంగతి తరువాత చూద్దాం, ముందు మీ ఇంట్లో ఉన్న బండి పాలసీ తీసుకురండి అంటాను. చాలామంది దగ్గర మొదటి పేజీ మాత్రమే ఉంటుంది: పేరు, బండి నంబరు, కట్టిన ప్రీమియం. అసలు ఒప్పందం దాని వెనక పేజీల్లో ఉంటుంది. ఏ నష్టానికి చెల్లిస్తారు, దేనికి చెల్లించరు, ఏ షరతు తప్పితే ఏమవుతుంది అన్నవన్నీ అక్కడే. ఆ పేజీలు నిదానంగా చదవడం వస్తే ఈ పరీక్షకు సగం సిద్ధమైనట్టే. మిగిలిన సగం, కాగితం మీద లెక్క కట్టడం. ఆ రెండూ ఎలా అలవాటు చేసుకోవాలో ఇక్కడ చెబుతాను.

అమెరికాలో అడ్జస్టర్ అనే పనివారిని మన దేశంలో సర్వేయర్ అండ్ లాస్ అసెసర్ అంటారు. కారు గుద్దుకున్నా, దుకాణం కాలినా, ఓడలో బియ్యం తడిసినా, నష్టం ఎందువల్ల జరిగింది, పాలసీ ప్రకారం ఎంత ఇవ్వాలి అని తేల్చి నివేదిక రాసేది వీరే. 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షను ఈ వృత్తికి ఆధారం. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించిన మొత్తం దాటిన నష్టాలకు, లైసెన్సు ఉన్న సర్వేయర్ నివేదిక తీసుకున్నాకే సాధారణ బీమా కంపెనీ క్లెయిము పరిష్కరించాలి. సర్వేయర్‌ను పంపేదీ, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. అయినా సర్వేయర్ కంపెనీ ఉద్యోగి కాడు, ఏ పక్షానికీ మొగ్గకూడదు. ఆయన మాట తుది మాటా కాదు. సర్వేయర్ నివేదిక క్లెయిము పరిష్కారానికి పునాది కావచ్చు గాని, దానికి కంపెనీ, పాలసీదారు కట్టుబడి తీరాలని లేదని సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. వృత్తి ధర్మం గురించి ఏ ప్రశ్న వచ్చినా ఈ రెండు విషయాల నుంచే జవాబు వెతకండి.

పుస్తకం తెరిచే ముందు

ముందుగా మీ అర్హత చూసుకోండి. ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, సీఏ, కాస్ట్ అకౌంటెన్సీ వంటి చదువులు ఈ వృత్తికి దారి. ఏ విభాగంలో లైసెన్సు అడగవచ్చన్నది మీ చదువును బట్టి ఉంటుంది. మెకానికల్ లేదా ఆటోమొబైల్ చదివినవారు మోటారు వైపు వెళతారు. అకౌంట్ల చదువు ఉన్నవారికి, ప్రమాదంతో వ్యాపారం ఆగి కోల్పోయే లాభానికి చేసే బీమా (లాస్ ఆఫ్ ప్రాఫిట్) విభాగం సహజంగా సరిపోతుంది. 2015 నాటి సర్వేయర్ల నిబంధనలను ఐఆర్‌డీఏఐ వెబ్‌సైటులో తీసుకుని, తరువాత వచ్చిన సవరణలతో కలిపి చదవండి. ఈ ఒక్క పత్రం చదవకుండా ఫీజులు కట్టి, తమ డిగ్రీకి చెందని విభాగం పేపరు రాయబోయినవారిని నేను చూశాను. వారి కష్టం చూసి బాధ కలిగింది.

తరువాతి అడుగు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ సర్వేయర్స్ అండ్ లాస్ అసెసర్స్‌లో విద్యార్థి సభ్యత్వం. పేరు పెద్దది కాబట్టి అందరూ ఐఐఐఎస్‌ఎల్‌ఏ అంటారు. ఐఆర్‌డీఏఐ ప్రోత్సాహంతో హైదరాబాద్‌లో ఏర్పడిన సంస్థ ఇది. నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయమూ హైదరాబాద్‌లోనే ఉంది. సభ్యత్వం తీసుకున్నాక మీ విభాగంలో లైసెన్సు ఉన్న అనుభవజ్ఞుడైన సర్వేయర్ దగ్గర శిక్షణకు నమోదు కావాలి. శిక్షణ పన్నెండు నెలలు. పరీక్ష మాత్రం ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది. అందరికీ ఉమ్మడిగా బీమా సూత్రాలు, సర్వే పద్ధతి మీద ఒక పేపరు ఉంటుంది. ఆపైన మీరు ఎంచుకున్న ప్రతి విభాగానికీ ఒక పేపరు రాయాలి. పరీక్ష తేదీలు, ఫీజు, ప్రశ్నల తీరు ఆ సంస్థ తాజా ప్రకటనలోనే చూడండి, మిత్రుడు చెప్పిన మాట మీద ఆధారపడవద్దు.

విభాగాలు అగ్ని, మెరైన్ కార్గో (రవాణా సరుకు), మెరైన్ హల్ (ఓడ), ఇంజనీరింగ్, మోటారు, ఇతరములు, లాస్ ఆఫ్ ప్రాఫిట్, పంటలు. అర్హత ఉంది కదా అని ఒకేసారి నాలుగైదు ఎంచుకోకండి. మీ ఊళ్లో ఏ క్లెయిములు ఎక్కువో చూడండి. గుంటూరులో పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కాబట్టి అగ్ని విభాగం అక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ పక్కన ఉన్నవారికి మోటారు, కాకినాడ, విశాఖ వారికి కార్గో, పటాన్‌చెరు, జీడిమెట్ల దగ్గరివారికి ఇంజనీరింగ్. కళ్లతో చూసిన వస్తువు గురించి చదివితే పాఠం నిలుస్తుంది. మొదటి విడతలో ఉమ్మడి పేపరు, దానితో ఒక విభాగం చాలు.

పాలసీని ఒప్పందంలా చదవండి

నేను నేర్పే పద్ధతి ఇది. ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి పేజీని నాలుగు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో పాలసీ దేనికి చెల్లిస్తానంటుందో, రెండో గడిలో దేనికి చెల్లించనంటుందో, మూడో గడిలో పాలసీదారు పాటించాల్సిన షరతులు, నాలుగో గడిలో అదనపు ప్రీమియంతో తెచ్చుకోగల రక్షణలు. ప్రతి నిబంధననూ తెలుగులో మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. రాయలేకపోతే ఆ నిబంధన మీకు అర్థం కానట్టే. ఇంకోసారి చదవండి.

ఉదాహరణకు కారు పాలసీలో టైర్ల సంగతి చూడండి. టైరు ఒక్కటే పగిలితే ఏమీ రాదు. అదే ప్రమాదంలో బండికి కూడా నష్టం జరిగితేనే టైరు ఖరీదులో సగం వస్తుంది. ఇంత చిన్న వాక్యంలో రెండు షరతులు ఉన్నాయి, ప్రశ్న తయారుచేసేవారు ఏ ఒక్కదాన్నయినా మార్చి అడగవచ్చు. నాలుగు గళ్ల పుస్తకంలో మీరు ఆ వాక్యాన్ని విడగొట్టి రాసి ఉంటే తడబడరు.

మినహాయింపుల గడి మీద ఎక్కువ సమయం పెట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లు, బైకులు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. సమగ్ర పాలసీలో వరద నష్టానికి రక్షణ ఉంటుంది, అందులో సందేహం లేదు. సీట్లు, వైరింగు, ఎలక్ట్రానిక్ విభాగాలు పాడైతే లెక్కలోకి వస్తాయి. కానీ నీళ్లు ఇంకా ఉండగానే, లేదా ఇంజిన్‌లోకి నీరు చేరిందని తెలియక, తాళం తిప్పి స్టార్టు చేస్తే సిలిండర్లలో నీరు నొక్కుకోలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ నష్టాన్ని కంపెనీలు పర్యవసాన నష్టంగా, అంటే వరద నేరుగా చేయక తరువాత వచ్చిపడిన నష్టంగా, చూస్తాయి. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు ఉంటే తప్ప దానికి చెల్లించవు. ఒకే కారు, ఒకే వరద, రెండు నష్టాలు, రెండు జవాబులు. పరీక్షలో కథ ఇచ్చి ఎంత చెల్లించాలి అని అడిగితే కథలో ఎవరు ఎప్పుడు తాళం తిప్పారో ముందు వెతకండి. వృత్తిలోకి వచ్చాక బండి యజమాని కుటుంబంతో మాట్లాడేటప్పుడు కూడా అదే అడగాలి, ఎంతో జాగ్రత్తగా, నిందించే స్వరం రాకుండా.

సూత్రాలను కేసులతో చదవండి

ఉమ్మడి పేపరులో బీమా సూత్రాలదే ప్రధాన స్థానం: సంపూర్ణ విశ్వాసం (ముఖ్య విషయాలు దాచకపోవడం), బీమా చేయదగిన ప్రయోజనం (ఆస్తి పోతే మనకే నష్టం కలగడం), నష్టపూర్తి (నష్టం మేరకే చెల్లింపు), సబ్రొగేషన్ (చెల్లించాక పాలసీదారుకు ఇతరుల మీద ఉన్న హక్కు కంపెనీకి రావడం), కాంట్రిబ్యూషన్ (ఒకే ఆస్తికి బీమా చేసిన కంపెనీలు నష్టాన్ని పంచుకోవడం), సమీప కారణం. నిర్వచనాలు కంఠస్థం చేస్తే వారంలో మరిచిపోతారు. ఒక్కో సూత్రానికి ఒక్కో కేసు పట్టుకోండి.

సమీప కారణానికి నాకు ఇష్టమైన కేసు 1918లో ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన లేలాండ్ షిప్పింగ్ కేసు. 1915లో ఒక ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఓడ మునగలేదు, దగ్గరలోని లె హావ్ర్ రేవుకు చేర్చారు. గాలి పెరిగి ఓడ గట్టుకు కొట్టుకుంటుంటే, ఇక్కడే మునిగితే రేవు మూసుకుపోతుందని అధికారులు దాన్ని బయటి వైపుకు తరలించారు. అక్కడ ఆటుపోట్లకు అడుగు నేలకు తగులుతూ చివరికి మునిగిపోయింది. పాలసీలో సముద్ర ప్రమాదాలకు రక్షణ ఉంది, యుద్ధ చర్యలకు లేదు. చివరి సంఘటన సముద్రానిదే అయినా, అసలు కారణం టార్పెడోయేనని, దాని ప్రభావం ఎక్కడా తెగిపోలేదని లార్డులు తీర్పు చెప్పారు. కంపెనీ చెల్లించనక్కరలేదు. సమీప కారణం అంటే కాలంలో దగ్గరిది కాదు, బలంలో దగ్గరిది. ఈ కథ గుర్తుంటే ఆ సూత్రం మీద ఏ ప్రశ్న వచ్చినా నిలబడగలరు.

సంపూర్ణ విశ్వాసానికి 1766 నాటి కార్టర్ కేసు, నష్టపూర్తికి 1883 నాటి కాస్టెలేన్ కేసు చదవండి. రెండోది ముఖ్యంగా చదవాలి. అమ్మకానికి ఒప్పందం అయిన ఇల్లు కాలింది. యజమాని బీమా సొమ్ము తీసుకున్నాడు, తరువాత కొనుగోలుదారు నుంచి పూర్తి ధర కూడా తీసుకున్నాడు. ఒకే నష్టానికి రెండుసార్లు లాభపడకూడదు కాబట్టి బీమా సొమ్ము వెనక్కి ఇవ్వాలని కోర్టు చెప్పింది. సబ్రొగేషన్ ఎందుకు పుట్టిందో ఇంతకంటే తేలికగా అర్థం కాదు.

కాంట్రిబ్యూషన్, బీమా ప్రయోజనం అంతగా కష్టపెట్టవు. రెండు రోజులు చాలు.

కాలిన దుకాణం లెక్క

ఇక పెన్సిలు పట్టుకోవాలి. అగ్ని విభాగం రాసినా రాయకపోయినా ఈ లెక్క అందరూ చేసి తీరాలి.

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల దుకాణం ఒకటి కాలిందనుకోండి. సంవత్సరం మొదట్లో సరుకు 8,00,000 రూపాయలు. ప్రమాదం రోజు వరకు కొనుగోళ్లు 22,00,000. అమ్మకాలు 25,00,000. అమ్మకాల మీద స్థూల లాభం 20 శాతం. మంటల తరువాత చెడకుండా మిగిలిన సరుకు 3,60,000. సగం కాలిన తానులను అమ్మితే వచ్చే సాల్వేజ్ 40,000. బీమా మొత్తం 7,50,000. పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో దుకాణదారే భరించాల్సిన మొత్తం, 10,000.

దుకాణదారు నోటి మాట మీద సరుకు లెక్క రాయలేం, పుస్తకాల నుంచి తేవాలి. అమ్మకాల్లో 20 శాతం లాభం తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు 20,00,000. మొదటి సరుకు 8,00,000కు కొనుగోళ్లు 22,00,000 కలిపి, అందులో నుంచి 20,00,000 తీసేస్తే ప్రమాదం రోజు సరుకు 10,00,000. చెడని 3,60,000 పోగా నష్టపోయింది 6,40,000. సాల్వేజ్ తీసేస్తే 6,00,000. బీమా చేసినది 7,50,000, ఉన్న సరుకు 10,00,000. అంటే నాలుగో వంతు సరుకుకు బీమా లేదు, ఆ వంతు నష్టం దుకాణదారే మోయాలి. ఇదే యావరేజ్ క్లాజు. 6,00,000లో మూడు వంతులు 4,50,000. ఎక్సెస్ 10,000 తీసేస్తే చెల్లించాల్సింది 4,40,000.

ఇదే లెక్కను ఇప్పుడు కావాలనే తప్పు చేసి చూడండి. సాల్వేజ్‌ను యావరేజ్ తరువాత తీశారనుకోండి: 6,40,000లో మూడు వంతులు 4,80,000, అందులో 40,000 తీస్తే 4,40,000, ఎక్సెస్ పోగా 4,30,000. వరుస మారినందుకు వ్యాపారికి పది వేలు నష్టం. స్థూల లాభం అమ్మకాల మీద కాక ఖరీదు మీద 20 శాతం అనుకుని పొరపడితే అమ్మిన సరుకు ఖరీదు 20,83,333 అవుతుంది, చివరి జవాబు 4,12,727కు పడిపోతుంది. ఒక్క పదం సరిగా చదవనందుకు ఇరవై ఏడు వేలకు పైగా తేడా. పరీక్షలో ఒక మార్కు పోతుంది. బయట, కాలిన దుకాణం ముందు నిలబడ్డ మనిషికి అది ఒక నెల ఇంటి ఖర్చు. అందుకే ఈ ఒక్క లెక్కను అంకెలు మార్చుకుంటూ కనీసం ఇరవైసార్లు చేయమంటాను.

తరువాత అదే లెక్కను భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీ కింద చేయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్షా, 5 కోట్ల వరకు ఆస్తి ఉన్న సంస్థలకు భారత్ సూక్ష్మ, 5 నుంచి 50 కోట్ల వాటికి భారత్ లఘు పాలసీలు వచ్చాయి. సూక్ష్మ, లఘు పాలసీల్లో బీమా లోటు 15 శాతం వరకు ఉంటే పట్టించుకోరు. పై దుకాణానికి లోటు 25 శాతం కాబట్టి యావరేజ్ పూర్తిగా వర్తిస్తుంది. బీమా మొత్తం 8,60,000 అయి ఉంటే లోటు 14 శాతమే, యావరేజ్ ఉండదు, వ్యాపారికి 5,90,000 వస్తుంది.

పాత ప్రామాణిక అగ్ని పాలసీని కూడా వదలకండి, పెద్ద ఆస్తులకు అది ఇప్పటికీ ఉంది. అందులోని పన్నెండు ప్రమాదాలను మినహాయింపులతో సహా రాసుకోండి. తనంతట తాను వేడెక్కి మండిన సరుకుకు దానిలో రక్షణ లేదు. బొగ్గు కుప్ప లోపలి వేడితో అంటుకుంటే ఆ బొగ్గుకు రాదు, మంట పాకి కాలిన పక్క షెడ్డుకు వస్తుంది. కొత్త భారత్ పాలసీల్లో మంట గురించిన వాక్యం వేరుగా రాశారు. రెండు పాలసీలనూ పక్కపక్కన పెట్టుకుని ఆ వాక్యాలను పోల్చండి.

మోటారు: తరుగుదల పట్టిక నోటికి రావాలి

మోటారు విభాగానికి మూలం 2002 నాటి ఇండియా మోటారు టారిఫ్. 2007 నుంచి బండి సొంత నష్టం బీమాకు ధరల నియంత్రణ తొలగినా, పాలసీ వాక్యాలు, తరుగుదల పద్ధతి ఇంకా దాని నుంచే వస్తున్నాయి. పాత పుస్తకమని పక్కన పెట్టకండి.

మార్చిన విడిభాగాల్లో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం కోత. ఫైబర్ గ్లాసుకు 30 శాతం. అద్దాలకు కోత లేదు. లోహ భాగాలు సహా మిగిలినవాటికి బండి వయసును బట్టి: ఆరు నెలల వరకు ఏమీ లేదు, ఏడాది వరకు 5 శాతం, రెండేళ్ల వరకు 10, మూడేళ్ల వరకు 15, నాలుగేళ్ల వరకు 25, ఐదేళ్ల వరకు 35, పదేళ్ల వరకు 40, ఆపైన 50. వయసు లెక్కించేది ప్రమాదం జరిగిన రోజుకు, గ్యారేజీ బిల్లు రోజుకు కాదు.

1,200 సీసీ కారు, వయసు మూడేళ్ల నాలుగు నెలలు. బోనెట్, ఫెండరు వంటి లోహ భాగాలు 40,000. బంపరు తదితర ప్లాస్టిక్ 12,000. అద్దం 8,000. డెంటింగ్ కూలి 9,000. పెయింటింగ్ మొత్తం బిల్లు 16,000. పన్నులు పక్కన పెడదాం. లోహానికి 25 శాతం పోగా 30,000. ప్లాస్టిక్‌కు సగం పోగా 6,000. అద్దం 8,000, కూలి 9,000 పూర్తిగా వస్తాయి. పెయింటింగ్ దగ్గరే అందరూ తప్పుతారు. రంగు ఖరీదు, కూలి విడగొట్టకుండా ఒకే బిల్లు ఇస్తే అందులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా తీసుకుని, దాని మీద మాత్రమే 50 శాతం కోయాలి. 16,000లో రంగు 4,000, కోత 2,000, వచ్చేది 14,000. అన్నీ కలిపితే 67,000. పాత భాగాల సాల్వేజ్ 1,500 తీస్తే 65,500. 1,500 సీసీ వరకు కార్లకు తప్పనిసరి కోత 1,000. చెల్లించేది 64,500. బిల్లు మాత్రం 85,000. మిగిలిన 20,500 కారు యజమాని ఎందుకు భరించాలో ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు ఈ పాఠం వచ్చినట్టు. ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి, ఎక్కడ తడబడతారో అక్కడే మీకు బలహీనత ఉంది.

దీనికి తోడు బండి ప్రకటిత విలువ (పాలసీలో బండికి రాసే విలువ, ఐడీవీ) పట్టిక వేరే ఉంది, రెండింటినీ కలిపేయకండి. అది ఆరు నెలల్లోపు 5 శాతంతో మొదలై, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం కోతగా సాగుతుంది. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండిని నిర్మాణాత్మక సంపూర్ణ నష్టంగా లెక్కిస్తారు. ప్రకటిత విలువ 6,00,000 ఉన్న కారుకు ఆ గీత 4,50,000 దగ్గర ఉంటుంది.

డ్రైవింగ్ లైసెన్సు ప్రశ్నలకు పాత గైడ్లు నమ్మకండి. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని విడిగా అనుమతి లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖరారు చేసింది. 2017కు ముందు అచ్చయిన ప్రశ్నల పుస్తకంలో దీనికి వేరే జవాబు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. గైడు కొనేటప్పుడు ముందు అచ్చయిన సంవత్సరం చూడండి.

మెరైన్, ఇంజనీరింగ్ రాసేవారికి

కార్గోలో ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులు (సరుకు బీమాకు వాడే ప్రామాణిక నిబంధనలు) ఏ, బీ, సీ మూడింటినీ ఒకే పట్టికలో పెట్టుకోండి. ఏ అన్నింటికంటే విశాలం, సీ అన్నింటికంటే ఇరుకు. కాకినాడ నుంచి వెళ్లిన బియ్యం బస్తాలు తడిసి దిగాయనుకోండి. బీ క్లాజు కింద ఓడలోకో కంటైనరులోకో సముద్రం, సరస్సు, నది నీరు చేరితే రక్షణ ఉంది, వాన నీటికి లేదు. కాబట్టి నీరు ఎక్కడిదో తేల్చాలి. సర్వేయర్లు తడిసిన సంచి మీద సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూస్తారు. ఉప్పు నీరైతే పాలలా తెల్లబడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన క్లోరైడ్ పరీక్షే ఇది. క్లోరైడ్ ఇతర మార్గాల్లో కూడా సంచి మీదికి చేరవచ్చు కాబట్టి అనుమానం ఉంటే ప్రయోగశాలకు పంపాలి. ఇలాంటి చిన్న పనులు చేతితో చేసి చూసినవారు క్లాజులను మరిచిపోరు.

జనరల్ యావరేజ్ అంటే భయపడతారు, అనవసరం. అందరి మేలు కోసం కావాలని చేసిన త్యాగాన్ని అందరూ పంచుకుంటారు, అంతే. ఓడ విలువ 60 కోట్లు, ఒక వ్యాపారి సరుకు 30 కోట్లు, మరొకరిది 10 కోట్లు, త్యాగం 5 కోట్లు. మొత్తం 100 కోట్లకు 5 కోట్లు, అంటే ప్రతివారూ తమ విలువలో 5 శాతం. ఓడ 3 కోట్లు, మొదటి వ్యాపారి కోటిన్నర, రెండో వ్యాపారి 50 లక్షలు. 1963 నాటి మన మెరైన్ బీమా చట్టంలో సంపూర్ణ నష్టం, నిర్మాణాత్మక సంపూర్ణ నష్టం ఉన్న సెక్షన్లు నేరుగా చదవండి, భాష కష్టమైనా సరే.

ఇంజనీరింగులో యంత్రం పాడవడానికి చేసే బీమాను అగ్ని బీమాతో కలిపేయడం పెద్ద పొరపాటు. ఇక్కడ బీమా మొత్తం ఎప్పుడూ కొత్త యంత్రం ఖరీదుకు సమానంగా ఉండాలి. కొంత భాగం పాడైతే సాధారణంగా తరుగుదల లేకుండా రిపేరు ఖర్చు ఇస్తారు, యంత్రం పూర్తిగా పోతే తరుగుదల తీసి ఇస్తారు. ఈ తేడా గుర్తుంటే చాలు, మిగతాది కట్టడాల నిర్మాణం, ఎరక్షన్ (యంత్రాల బిగింపు), బాయిలర్ పాలసీల మినహాయింపులు చదవడమే.

ఇంగ్లిషు మాటల సంగతి

పాఠ్యపుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీనికి వెనకడుగు వేయకండి. ఆలోచన తెలుగులో చేయండి, మాటలు ఇంగ్లిషులో గుర్తుంచుకోండి. నాలుగు గళ్ల పుస్తకం చివరి పేజీల్లో ఒక్కో ఇంగ్లిషు మాటకు ఎదురుగా తెలుగులో ఒక ఉదాహరణ రాయండి, అర్థం రాయకండి. ఎక్సెస్ ఎదురుగా, మన జేబులోంచి ముందు పెట్టుకునే మొదటి పది వేలు అని రాసుకుంటే అది పోదు. వారంటీ అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త. ఫ్రిజ్ కొన్నప్పుడు ఇచ్చే వారంటీ వేరు, బీమాలో వారంటీ అంటే అక్షరాలా పాటించాల్సిన షరతు. ప్రశ్నల్లో తప్పక, తప్ప, మాత్రమే, కానిది అనే అర్థమిచ్చే మాటల కింద గీత గీసి ఆపై జవాబు చూడడం అలవాటు చేసుకోండి.

మూడు నెలలు, చివరి వారం

ఉద్యోగం చేస్తూ చదివేవారికి మూడు నెలలు సరిపోతాయి, రోజూ తెల్లవారుజామున రెండు గంటలు కేటాయించగలిగితే. మొదటి నెల ఉమ్మడి పేపరు, సూత్రాలు, చట్టాలు. రెండో నెల మీ విభాగం పాలసీలు, నాలుగు గళ్ల పుస్తకం. మూడో నెల పూర్తిగా లెక్కలు, పాత ప్రశ్నలు. ఆదివారాలు పుస్తకం పక్కన పెట్టి మీకు శిక్షణ ఇస్తున్న సర్వేయర్ వెంట వెళ్లండి. ఆయన ఫొటోలు ఎక్కడి నుంచి తీస్తున్నారో, ఏ కాగితాలు అడుగుతున్నారో, పంచనామా, ఫైర్ సర్వీసు నివేదిక, స్టాకు రిజిస్టరు ఏ వరుసలో చూస్తున్నారో రాసుకోండి. సాయంత్రం ఇంటికి వచ్చి అదే క్లెయిముకు మీరు సొంతంగా నివేదిక రాయండి. ఆయన నివేదికతో పోల్చి చూడండి. పరీక్షకు ఇంతకంటే మంచి తయారీ నాకు తెలియదు. ఆ క్లెయిము వివరాలు మాత్రం మీ పుస్తకం దాటి బయటికి పోకూడదు. గోప్యత సర్వేయర్ల ప్రవర్తనా నియమావళిలో ఉంది, శిక్షణలో ఉన్నవారు మొదటి రోజు నుంచే పాటించాలి.

చివరి వారంలో కొత్త పాఠం ముట్టుకోవద్దు. తరుగుదల పట్టికలు రెండూ రోజుకోసారి చూడకుండా రాయండి. దుకాణం లెక్క, కారు లెక్క రోజుకొకటి చేయండి. సర్వేయర్ నియామకం, నివేదిక గడువుల అంకెలను ఆ రోజు అమలులో ఉన్న నిబంధనల నుంచి ఒక చిన్న కాగితం మీద ఎక్కించుకోండి. ఇవి తరచూ మారే అంకెలు, పాత నోట్సులోవి నమ్మవద్దు.

పరీక్ష గదిలో లెక్క ప్రశ్నలకు ముందుగా ఇచ్చిన అంకెలన్నీ కాగితం మీద నిలువుగా దించుకోండి. నష్టం, సాల్వేజ్, యావరేజ్, ఎక్సెస్ అనే వరుస పక్కన రాసుకుని ఒక్కో మెట్టు దిగండి. మీ జవాబు ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటితో సరిపోయిందని సంబరపడి ముందుకు పోకండి. వరుస తప్పి చేసిన లెక్క జవాబు కూడా ఆ నాలుగింటిలో ఉండవచ్చు. మెట్లు ఒకసారి సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు.

ఫలితం వచ్చాక శిక్షణ పత్రాలు, సభ్యత్వం, మార్కుల పత్రం జతచేసి ఐఆర్‌డీఏఐ పోర్టల్‌లో లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ప్రతి మూడు నెలల శిక్షణకు సంబంధించిన కాగితాలను ఎప్పటికప్పుడు సంతకాలు చేయించుకుని దాచండి. ఏడాది చివర ఒకేసారి వెతికితే దొరకవు. నాలుగు గళ్ల పుస్తకాన్ని పారేయకండి, మొదటి సర్వేకు వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోండి.